దీపాలార్పిన నగరంలో హంతకుడు

2025 మే 7 సాయంత్రం నేను గుజరాత్‌లోని బార్డోలీలో ఉన్నాను. వరంగల్ నుంచి మరమగ్గాల పని మీద సూరత్ వచ్చి, తర్వాత బార్డోలీలో ఇల్లు కట్టుకున్న మా అన్న ఇంట్లో. ఆ రోజు దేశంలో చాలాచోట్ల పౌరరక్షణ విన్యాసాలు జరిగాయి. పొద్దుగూకాక కొంతసేపు దీపాలన్నీ ఆర్పేయాలని గుజరాత్‌లో ముందే చెప్పారు. కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం దగ్గర్లోనే ఉంది కనుక ఇక్కడివాళ్లు ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. కిటికీలు మూసి, ఫోన్లు కూడా బోర్లించి ముందుగదిలో కూర్చున్నాం. తొమ్మిదో తరగతి చదివే మా అన్న కొడుకు కాసేపు ఊరుకుని, "గట్లయితే దొంగలకు పండుగే గద చిన్నాన్నా!" అన్నాడు.

అందరం నవ్వాం. కాని వాడన్నది నవ్వులాట మాట కాదు. పైనుంచి వచ్చే శత్రువుకు కనబడకుండా ఊరంతా చీకటి చేసుకుంటే, ఆ చీకటిలో మన పక్కనే నడిచేవాడు మనకు మాత్రం ఎలా కనిపిస్తాడు? 1942 ఫిబ్రవరిలో లండన్ నగరానికి ఇదే ప్రశ్న ఎదురైంది. అక్కడ అయిదు రోజుల్లో నలుగురు స్త్రీలు హత్యకు గురయ్యారు. ఆ హంతకుడిని పట్టుకోవడంలో తోడ్పడిన విద్యకు పుట్టినిల్లు లండన్ కాదు, మన బెంగాల్.

ఆ రోజులెలాంటివో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1941 డిసెంబరు చివర్లో కాంగ్రెస్ కార్యవర్గం ఇదే బార్డోలీలో సమావేశమైంది. జపాన్ యుద్ధంలోకి దిగి అప్పటికి మూడు వారాలు. దేశ రక్షణలో పాలుపంచుకోవాలా, అహింసకే కట్టుబడి ఉండాలా అన్న చర్చలో దారులు వేరై, గాంధీజీ నాయకత్వ బాధ్యత నుంచి తప్పుకున్నారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. లండన్ హత్యలు జరిగిన వారం, సింగపూర్ పతనానికి ముందు వారం ఒక్కటే. కాగితం కొరతతో అప్పటికే చిక్కిపోయిన పత్రికల్లో ఈ హత్యలకు దొరికిన చోటు ఎంతో ఊహించుకోవచ్చు.

బ్రిటన్‌లో 1939 సెప్టెంబరు 1 నుంచే రాత్రిపూట దీపాలమీద ఆంక్ష మొదలైంది. వీధి దీపాలు లేవు. కిటికీలకు నల్లగుడ్డలు. మోటారు దీపాలకు సన్నని చీలిక తప్ప మిగిలినదంతా మూత. బాంబులు పడటం మొదలు కాకముందే ఈ చీకటి మనుషుల్ని చంపింది. ఆ సెప్టెంబరులో రోడ్డు ప్రమాదాల మరణాలు అంతకుముందు ఏడాది అదే నెలతో పోలిస్తే దాదాపు రెట్టింపు. దీనికి కారణం కొంత మన కంటిలోనే ఉంది. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చినప్పుడు కంటిపాప కొద్ది క్షణాల్లో విప్పారుతుంది. కాని నేత్రపటలంలోని దండకణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే, వెలుగుకు విరిగిపోయిన రొడాప్సిన్ అనే పదార్థం తిరిగి తయారు కావాలి. అందుకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. హోటల్లోంచి వీధిలోకి వచ్చిన మనిషి ఆ కాసేపూ గుడ్డివాడితో సమానం. పైగా దండకణాలకు రంగులు తెలియవు, ముఖ కవళికలను అవి స్పష్టంగా పట్టుకోలేవు. అలాంటి వీధిలో సాక్షి ఏం చూస్తాడు, పోలీసులకు ఏం చెబుతాడు?

ఫిబ్రవరి 9 ఉదయం మేరిలబోన్ ప్రాంతంలో, వైమానిక దాడులప్పుడు తలదాచుకోవడానికి వీధిలో కట్టిన ఒక ఇటుక గదిలో ఒక ఫార్మసిస్టు శవం కనబడింది. ఆమె వేరే ఊళ్లో కొత్త ఉద్యోగంలో చేరడానికి బయలుదేరిన మనిషి. గొంతు నులిమి చంపారు. చేతిసంచి లేదు. మరునాడు సోహోలోని వార్డర్ వీధిలో ఇంకొక స్త్రీ. 13వ తేదీన ఒకే రోజు మరో ఇద్దరి శవాలు బయటపడ్డాయి. ఈ ముగ్గురినీ వారి వారి గదుల్లోనే చంపారు. రాత్రిళ్లు వీధుల్లో మగవాళ్లను కలిసి పొట్టపోసుకునే స్త్రీలని వీరిని గురించి పత్రికలు రాశాయి. అలా రాసి వదిలేయడం వల్లనే ఇలాంటి హంతకులకు పని సులువవుతుందని నా అభిప్రాయం. తెలియని మగవాడి వెంట నడవక తప్పని బతుకు ఎవరిదో హంతకుడికి బాగా తెలుసు. వారు ఇంటికి రాకపోతే వెంటనే వెతికేవాళ్లు ఉండరనీ తెలుసు. మూడో హత్య ఫిబ్రవరి 11 రాత్రి జరిగితే, శవాన్ని చూసింది 13న.

స్కాట్లండ్ యార్డ్ నుంచి వేలిముద్రల నిపుణుడు ఫ్రెడరిక్ చెరిల్ వచ్చాడు. వార్డర్ వీధి గదిలో రక్తం అంటిన ఒక టిన్ ఓపెనర్, చేతిసంచిలోని చిన్న అద్దం దొరికాయి. రెంటి మీదా వేలిముద్రలున్నాయి. ఓపెనర్ మీదివి ఎడమచేతి వేళ్లవి. మూడో ఇంట్లో ఒక కొవ్వొత్తి స్టాండు ఉంది. దానిమీద మాత్రం కుడిచేతి ముద్రలున్నాయి. ఇదేమిటి, ఒకచోట ఎడమ, ఇంకోచోట కుడి అనిపిస్తుంది. చెరిల్ ఏం ఆలోచించాడో చూడండి. స్టాండులోంచి కొవ్వొత్తిని ఊడదీయాలంటే కుడిచేతి వాటం మనిషి స్టాండును ఎడమచేత్తో పట్టుకుని, బలంగా లాగే పని కుడిచేత్తో చేస్తాడు. స్టాండు మీద కుడిచేతి ముద్రలున్నాయంటే కొవ్వొత్తిని లాగింది ఎడమచేయి. అంటే రెండు చోట్లా కనిపిస్తున్నది ఎడమచేతి వాటమే. మీరూ ఇంట్లో ఒక సీసా మూత తిప్పి చూసుకోండి, ఏ చేయి పట్టుకుంటుందో, ఏ చేయి తిప్పుతుందో.

తర్కం ముచ్చటగా ఉంది గాని ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం. లక్షల జనాభా గల నగరంలో ఆ లెక్కన ఎంతమంది అవుతారు? ఆ ముద్రల యజమాని ఎవరో చెప్పాలంటే, అవే ముద్రలు యార్డ్ దగ్గర ముందే దాచి ఉండాలి. అక్కడ వెతికారు. దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలియాలంటే కలకత్తా వెళ్లాలి.

శంఖాలు, చక్రాలు, 1,024 అరలు

మన ఇళ్లల్లో చిన్నపిల్లల వేళ్ల కొసలు చూసి ఎన్ని శంఖాలు, ఎన్ని చక్రాలు అని లెక్కపెట్టడం పాత అలవాటు. చక్రాలెక్కువుంటే రాజయోగమని మా అమ్మమ్మ అనేది. జాతకం సంగతి పక్కన పెడితే, చక్రాలు లెక్కపెట్టే పనినే పోలీసుశాఖ శాస్త్రంగా మలుచుకుంది.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత మాట తప్పకుండా ఉండాలని భయపెట్టడమే అప్పటి ఉద్దేశం. ఏళ్లు గడిచేకొద్దీ మనిషి ముద్ర మారదని అతను గమనించాడు. అది నిజమే. తల్లి కడుపులో సుమారు మూడో, నాలుగో నెలలో వేళ్ల కొసల మీద గట్లు ఏర్పడతాయి. పైచర్మం చెక్కుకుపోయినా అడుగుపొర నుంచి అవే గట్లు మళ్లీ లేస్తాయి. చిరుతపులి మచ్చలవంటి నమూనాలు రసాయనాల విస్తరణ వల్ల ఎలా ఏర్పడగలవో అలాన్ ట్యూరింగ్ 1952లో గణితంలో చూపాడు. వేలి గట్లు కూడా ఆ తరహాలోనే ఏర్పడతాయని 2023లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు ప్రయోగాలతో తేల్చారు. లండన్‌లో ఈ హత్యలు జరుగుతున్నప్పుడు ట్యూరింగ్ ఆ నగరానికి కొద్ది దూరంలోనే జర్మన్ల రహస్య సంకేతాలు విప్పుతూ ఉన్నాడు.

ముద్రలు తీయడం తేలిక. లక్ష కాగితాల్లోంచి కావలసిన కాగితాన్ని వెతికి తీయడం కష్టం. ఆ చిక్కు విప్పినవారు కలకత్తాలో ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు, గణితం చదివిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతోనే ఆ పద్ధతి లోకానికెక్కింది. కింది ఉద్యోగి చేసిన పనికి పై అధికారి పేరు పడటం మన దఫ్తర్లలో కొత్త కాదు కదా. బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ చాలా ఆలస్యంగానైనా వీరిద్దరి పేరిట ఒక బహుమతి పెట్టింది.

లెక్క ఇది. కుడి బొటనవేలి నుంచి మొదలుపెట్టి కుడి చిటికెన వేలు దాకా 1 నుంచి 5, ఎడమ బొటనవేలి నుంచి ఎడమ చిటికెన వేలు దాకా 6 నుంచి 10 అని అంకెలు వేసుకోండి. 1-2, 3-4, 5-6, 7-8, 9-10 అని అయిదు జతలు. మొదటి జతలో చక్రం ఉంటే విలువ 16, రెండో జతలో 8, తర్వాత 4, 2, 1. చక్రం లేని వేలికి సున్న. సరి అంకెల వేళ్ల విలువలు కూడి ఒకటి కలిపితే లవం. బేసి అంకెల వేళ్లవి కూడి ఒకటి కలిపితే హారం. మా అన్న కొడుక్కి కుడి బొటనవేలు, కుడి ఉంగరపు వేలు, ఎడమ బొటనవేలు చక్రాలు. అంటే 1, 4, 6 అంకెల వేళ్లు. లవం 8, 4, 1 కలిపి 13. హారం 16, 1 కలిపి 17. వాడి కాగితం 13/17 అరలో పడుతుంది. అసలు చక్రమే లేకపోతే 1/1, పదీ చక్రాలైతే 32/32. లవానికి 32, హారానికి 32 అవకాశాలు కనుక మొత్తం అరలు 1,024. ఒక్కో అరలో మళ్లీ చిన్న విభాగాలు చేసుకుంటే గుమాస్తా కొద్ది నిమిషాల్లో కాగితం తీయగలడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. నాలుగేళ్ల తర్వాత, 1901లో, హెన్రీ లండన్ వెళ్లి స్కాట్లండ్ యార్డ్‌లో అదే పద్ధతి పెట్టించాడు.

ఈ పద్ధతి ఎలా పని చేస్తుందో చెప్పే కేసు మనదే ఒకటుంది. జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజర్‌ను చంపి, పెట్టె దోచుకున్నారు. పెట్టెలోని బెంగాలీ పంచాంగం అట్ట మీద రక్తపు మరక, అందులో కుడి బొటనవేలి గుర్తు. అది కంగాలీ చరణ్ అనే పాత నౌకరు వేలితో సరిపోయింది. ముందు ఒక దొంగతనం కేసులో శిక్షపడినప్పుడు తీసిన అతని ముద్ర బ్యూరోలో ఉంది. అందుకే దొరికాడు. కోర్టు మాత్రం 1898లో ఆ ముద్రను దొంగతనానికి రుజువుగా ఒప్పుకుంది, హత్యకు ఒప్పుకోలేదు. ముద్ర చెప్పేది ఆ వేలు ఆ వస్తువును తాకిందన్నంత వరకే, ఎప్పుడు తాకిందో, ఎందుకు తాకిందో చెప్పదు. ఆ న్యాయమూర్తుల జాగ్రత్త నాకు నచ్చుతుంది.

హెన్రీ పద్ధతిలో ఇంకో లోపం మీరీపాటికి పట్టి ఉంటారు. దానికి పది వేళ్లూ కావాలి. హంతకుడు పది వేళ్లూ వరసగా ఒత్తి పోడు కదా. ఒక్కో వేలి ముద్రను విడిగా వర్గీకరించే పద్ధతిని హ్యారీ బాట్లీ అనే యార్డ్ అధికారి 1930 నాటికి సిద్ధం చేశాడు. అందులో అతనికి సాయపడినవాడే చెరిల్. కనుక 1942లో ఒంటి ముద్రను వెతకడం చేతకాక కాదు. వెతికిన పట్టికలో ఉన్నవాళ్లందరూ పాత నేరస్తులు. ఈ హంతకుడికి పాత నేరమే లేదు.

525987

ఫిబ్రవరి 13 రాత్రి పికడిలీ దగ్గర ఒక యువతి మీద దాడి జరిగింది. అంతకుముందే ఆ మగవాడు ఆమెతో ఒక హోటల్లో, వెలుతురులో కూర్చుని మాట్లాడాడు. బయటికి రాగానే చీకట్లో గొంతు పట్టుకున్నాడు. అటు వచ్చిన ఒక పనివాడి అలికిడికి వదిలి పారిపోయాడు. ఆ తొందరలో భుజానికి వేలాడే గ్యాస్ మాస్కు సంచి అక్కడే పడిపోయింది.

విషవాయువు దాడులకు భయపడి బ్రిటన్‌లో అందరికీ గ్యాస్ మాస్కులు పంచారు. సైనికుల సంచుల మీద మాత్రం వాళ్ల సర్వీసు నంబరు ఉంటుంది. ఈ సంచి మీద 525987 అని ఉంది. వైమానిక దళంలో ఆ నంబరు గార్డన్ ఫ్రెడరిక్ కమిన్స్‌ది. పెళ్లయినవాడు, ఏడేళ్లుగా దళంలో ఉన్నవాడు, పైలట్ శిక్షణ కోసం కొద్ది రోజుల క్రితమే లండన్ వచ్చాడు. పెద్దింటి బిడ్డనని గొప్పలు చెప్పుకోవడంతో తోటివాళ్లు ఎగతాళిగా 'కౌంట్' అని పిలిచేవారట.

కమిన్స్ బస దగ్గరి రాకపోకల పుస్తకం ప్రకారం హత్యలు జరిగిన వేళల్లో అతను లోపలే ఉన్నాడు. సంచి ఎవరో మార్చుకుని ఉంటారన్నాడు. పుస్తకాన్ని నమ్మితే కేసు అక్కడితో సరి. కాని దర్యాప్తు అధికారి ఎడ్వర్డ్ గ్రీనో పుస్తకాన్ని నమ్మలేదు. కుర్రాళ్లు ఒకరికొకరు వేళలు రాసుకోవడం, రాశాక అగ్నిప్రమాదాలప్పటి బయటి మెట్ల మీదుగా మళ్లీ జారుకోవడం అక్కడ మామూలేనని తేలింది. బస సోదా చేస్తే చనిపోయిన స్త్రీల వస్తువులు దొరికాయి. కమిన్స్‌ది ఎడమచేతి వాటం. అతని వేలిముద్రలు తీసి చూస్తే ఓపెనర్ మీదివి, అద్దం మీదివి సరిపోయాయి.

ఈ వరస గమనించదగ్గది. ముద్రలు ముందే ఉన్నాయి. అవి మనిషిని వెతికి పట్టలేదు. మనిషి చేతికి చిక్కాక ఇతనే అని చెప్పాయి. వెతికి పట్టించింది ఒక గుడ్డసంచి మీది అంకె. చీకటి వల్ల, ఒకేలా ఉండే యూనిఫారం వల్ల అతన్ని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. ఆ రెండూ యుద్ధం తెచ్చినవే. నంబరు వేసిందీ యుద్ధమే.

1942 ఏప్రిల్ చివర్లో ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ జరిగింది. అప్పటి ఆచారం ప్రకారం వార్డర్ వీధి హత్య ఒక్కటే మోపారు. మొదటిసారి విచారణ మధ్యలోనే ఆగిపోయింది. జ్యూరీ చేతికి ఇచ్చిన వేలిముద్రల ఫోటో ఈ కేసుది కాదు, వేరే హత్యకు సంబంధించినది. జ్యూరీ దాన్ని చూసేసింది కనుక న్యాయమూర్తి ఆస్క్విత్ ఆ జ్యూరీని పంపేసి, కొత్త జ్యూరీతో మొదటి నుంచీ విచారణ జరిపించాడు. కొత్త జ్యూరీ 35 నిమిషాల్లో దోషి అని చెప్పింది. జూన్ 25న కమిన్స్‌ను వాండ్స్‌వర్త్ జైలులో ఉరితీశారు.

యుద్ధకాలపు నగరాల్లో ఇతనొక్కడే కాదు. బెర్లిన్‌లో 1940-41లో చీకటి రైళ్లలో, రైలు దారుల పక్కన ఎనిమిదిమంది స్త్రీలను చంపిన పాల్ ఓగోర్ట్సో రైల్వే ఉద్యోగి, నాజీ పార్టీ సభ్యుడు. అక్కడ పత్రికల నోరు నొక్కారు. అనుమానం ముందు విదేశీ కూలీల మీదికి, యూదుల మీదికి పోయింది. అసలువాడు యూనిఫారంలో ఎదురుగా తిరుగుతూనే ఉన్నాడు. ప్యారిస్‌లో మార్సెల్ పెతియో అనే డాక్టరు, నాజీల నుంచి తప్పించి దేశం దాటిస్తానని నమ్మించి, వచ్చినవారిని చంపి సొమ్ము కాజేశాడు. 1944 మార్చిలో అతని ఇంటి పొగగొట్టం నుంచి వచ్చిన దుర్వాసనకు ఇరుగుపొరుగు ఫిర్యాదు చేసేదాకా ఎవరికీ తెలియలేదు. దేశం వదిలిపోతున్నవాళ్లు కనబడకపోతే క్షేమంగా దాటి ఉంటారనుకుంటారు కదా.

పోలిక ఎంత గట్టిది?

కమిన్స్ కాలంలో బ్రిటన్‌లో రెండు ముద్రలు ఒకరివే అనడానికి 16 పోలికలు చూపాలన్నది యార్డ్ నియమం. ఒక గట్టు ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్నవే ఈ పోలికలు. ఆ 16 అంకెకు గణితపు ఆధారం లేదు, జాగ్రత్త కోసం పెట్టుకున్నదే. 2001లో దాన్ని ఎత్తేశారు. వేలిముద్ర తప్పు చెప్పదన్న నమ్మకం మాత్రం చాలాకాలం నిలిచింది.

2004 మార్చి 11న మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. డిటొనేటర్లున్న ఒక ప్లాస్టిక్ సంచి మీది ముద్రను అమెరికా ఎఫ్.బి.ఐ. తన కంప్యూటర్ పట్టికలో వెతికి, ఓరెగాన్ రాష్ట్రంలోని ఒక లాయరుదే అని నిశ్చయంగా చెప్పింది. అతన్ని రెండు వారాలు నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర వేరొకరిదని చూపాక ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పింది. ఆ లాయరు ముద్ర పట్టికలోకి ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు అతను అమెరికా సైన్యంలో పనిచేశాడు. పట్టిక పెద్దదయ్యేకొద్దీ అసలువాడు దొరికే అవకాశంతోపాటు, అసలువాడిలా కనిపించే వేరొకడు దొరికే అవకాశం కూడా పెరుగుతుంది. 2009లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, వేలిముద్రల పోలికలో పొరపాటే ఉండదన్న మాటకు శాస్త్రీయ ఆధారం లేదని నివేదిక ఇచ్చింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2010 నుంచి ఆధార్ కోసం మన పది వేళ్లూ తీసుకుంటున్నారు. చెరిల్‌కు అలాంటి పట్టికే ఉంటే ఫిబ్రవరి 10నే కమిన్స్ పేరు తెలిసి, తర్వాతి ఇద్దరు స్త్రీలు బతికేవారేమో అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. 2013లో గోవాలో ఒక చిన్నారి మీద ఘోర నేరం జరిగింది. దొరికిన వేలిముద్రలను ఆధార్ పట్టికతో పోల్చాలని దర్యాప్తు సంస్థ అడిగితే, అక్కడి కోర్టు ఒప్పుకుంది. ఆధార్ ప్రాధికార సంస్థ మాత్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పౌరులు ఇచ్చింది ఇందుకు కాదని, అంత పెద్ద పట్టికలో నేరస్థలపు ముద్రను వెతికితే పొరపాటున సరిపోయే నిర్దోషులు లక్షల్లో తేలవచ్చని వాదించింది. లెక్క మీరే వేసి చూడండి. పదివేల మందిలో ఒకరి విషయంలోనే పొరబడే యంత్రమైనా, వంద కోట్ల మందిలో వెతికితే లక్షమందిని చూపుతుంది. వారిలో అసలువాడు ఒక్కడే, వాడైనా ఉంటే.

సుప్రీంకోర్టు 2014 మార్చి 24న ఆ ఉత్తర్వును నిలిపివేసింది. 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆ ముద్రలను ఏ కారణంతోనూ ఎవరికీ ఇవ్వకూడదు. 2022లో వచ్చిన మరో చట్టం, అరెస్టయిన వారి నుంచి పోలీసులు తీసుకోగల కొలతల జాబితాను పెంచింది. అదే ఏడాది దేశంలోని పోలీసు వేలిముద్రల పట్టికలన్నిటినీ కలిపే 'నాఫిస్' అనే కంప్యూటర్ వ్యవస్థ ప్రారంభమైంది. ఆధార్ పట్టిక మాత్రం అందులో భాగం కాదు.